నీళ్ళు పెరిగాయా, తీపి తగ్గిందా?

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

కాలేజీ సంచికలో బీరు మీద వ్యాసమా అని కొందరు మిత్రులు నవ్వుకోవచ్చు, కొందరు పెద్దలు మొహం చిట్లించుకోవచ్చు. అంచేత ముందే మనవి చేస్తున్నాను: ఇది తాగడాన్ని గురించిన వ్యాసం కాదు, కొలవడాన్ని గురించిన వ్యాసం. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మత్తుపానీయం తయారుచేయడం 1968 నాటి ఆబ్కారీ చట్టం కింద నేరం. దీన్ని చదివి ఎవరూ హాస్టలు గదిలో కాగు ఎక్కించవద్దు. ఇంగ్లండులో మాత్రం 1963 నుంచి లైసెన్సు అక్కర లేకుండా, అమెరికాలో 1978లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం దరిమిలా, గృహస్థు తన వాడకానికి బీరు కాచుకోవచ్చు. అక్కడ అది మన ఆవకాయలాంటి ఇంటి విద్య.

ఆ విద్యలో వాళ్ళు పడే తికమక ఒకటుంది. అనుకున్నన్ని లీటర్లు రావు. వచ్చినా అనుకున్నంత చిక్కగా ఉండదు. మాది అనకాపల్లి వైపు చెరకు పండించే కుటుంబం. బెల్లం వండే రోజుల్లో మా కళ్ళంలోనూ ఇదే తగువు నడుస్తుంది. మన ప్రాక్టికల్సులో విశిష్ట గురుత్వం కట్టేటప్పుడు నడిచేదీ ఇదే. తప్పు నీళ్ళదా, తీపిదా, కొలిచినవాడిదా? ఈ మూడింటినీ విడదీయడం ఎలాగన్నదే ఇక్కడి పాఠం.

ముందు పని ఎలా జరుగుతుందో నాలుగు ముక్కల్లో చెబుతాను. బార్లీ గింజలను నానబెట్టి, మొలక రాగానే సన్నటి వేడిమీద ఎండబెడతారు. అదే మాల్టు. మనకు రాగి మాల్టు తెలుసు గనుక మాట కొత్తది కాదు. మొలకెత్తే గింజలో పిండిని చక్కెరగా విరిచే ఎంజైములు పుట్టుకొస్తాయి. 1833లో పేయన్, పెర్సో అనే ఇద్దరు ఫ్రెంచి రసాయనజ్ఞులు మాల్టు నుంచే ఆ పదార్థాన్ని వేరుచేసి డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మాల్టును మరలో కచ్చాపచ్చాగా ఆడించి, 65 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపు వేడినీళ్ళలో గంటసేపు నాననిస్తారు. దీన్ని మాష్ అంటారు. పిండి చక్కెరగా మారి నీళ్ళలోకి దిగుతుంది. అడుగున జల్లెడ ఉన్న తొట్టిలోంచి ఆ తియ్యటి రసాన్ని వడకడతారు. పిప్పిలో మిగిలిన తీపిని మళ్ళీ వేడినీళ్ళు పోసి కడిగి రాబడతారు. రెండు రసాలూ కాగులో కలిపి, హాప్స్ అనే చేదు పూలు వేసి, గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్టు వేసి పీపాలో పులియబెడతారు. డబ్బాలో మాల్టు పాకం కొని నీళ్ళు కలుపుకొనేవాళ్ళకు ఈ గొడవలేమీ లేవు. గింజ నుంచి మొదలుపెట్టేవాడికే అన్ని చిక్కులూను. గానుగ ఆడి బెల్లం వండేవాడికీ, సంతలో దిమ్మ కొనుక్కునేవాడికీ ఉన్న తేడాలాంటిదే ఇది.

ఇక లెక్క. నీటి విశిష్ట గురుత్వం 1.000. రసం 1.049 ఉన్నదనుకోండి. బీరు కాచేవాళ్ళు ఆ చివరి 49ని మాత్రం తీసుకొని "49 పాయింట్లు" అంటారు. కరిగిన చక్కెర ఎంత పెరిగితే పాయింట్లు దాదాపు అంతే పెరుగుతాయి. కాబట్టి లీటర్లను పాయింట్లతో గుణిస్తే రసంలో ఉన్న మొత్తం చక్కెరకు ఒక అంకె దొరుకుతుంది. దాన్ని లీటరు-పాయింట్లు అందాం. కిలో పంచదార నీళ్ళలో కరిగిస్తే సుమారు 386 లీటరు-పాయింట్లు వస్తాయి. కిలో మంచి లేతరంగు మాల్టు నుంచి ప్రయోగశాలలో రాబట్టగలిగేది సుమారు 300. అనగా మాల్టు బరువులో దాదాపు 78 శాతం నీళ్ళలోకి దిగేదే. మిగిలింది పొట్టు, కరగని మాంసకృత్తులు, తేమ వగైరా.

ఈ అంకెకున్న గొప్పతనమేమిటంటే, నీళ్ళు కలిపినా అది మారదు, మరిగించి ఇగర్చినా మారదు. లీటర్లు పెరిగితే పాయింట్లు తగ్గుతాయి, లీటర్లు తగ్గితే పాయింట్లు పెరుగుతాయి, లబ్ధం మాత్రం స్థిరం. 100 కిలోల చెరకు రసంలో 18 కిలోల పదార్థం కరిగి ఉంటే, పెనం మీద ఎంతసేపు కాచినా ఆ 18 కిలోలే. పైన తేలిన తెట్టు తీసేటప్పుడు కొంత పోవచ్చుగాని మంట పెంచినందువల్ల పెరిగేది లేదు. మా నాన్న ఇదంతా చెప్పడు. "రసంలో లేనిది పెనంలో రాదు" అని ఊరుకుంటాడు. ద్రవ్యనిత్యత్వ నియమాన్ని అంతకన్న పొట్టిగా చెప్పినవాళ్ళను నేను చూడలేదు.

బ్రిటిషు ప్రభుత్వం ఈ సూత్రంతో పన్ను కూడా వసూలు చేసింది. 1784లో జాన్ రిచర్డ్‌సన్ అనే ఆయన శాకరోమీటరును, అనగా రసంలో తీపిని కొలిచే హైడ్రోమీటరును, బీరు కాచేచోట ఎలా వాడాలో చెబుతూ పుస్తకం వేశాడు. అంతకుముందు చాలామందికి నాలుకా, కన్నూ, అనుభవమే ప్రమాణం. 1880లో గ్లాడ్‌స్టన్ మాల్టు మీద పన్ను తీసేసి, 1.057 గురుత్వాన్ని ప్రమాణంగా పెట్టుకొని కాచిన రసం మీద పన్ను వేశాడు. తొట్టిలో రసం పరిమాణం ఎంతో, దాని గురుత్వం ఎంతో చూసి లెక్క కట్టేవారు. మన లీటరు-పాయింట్లే అవి! రసం గురుత్వాన్ని బట్టి పన్ను వేసే పద్ధతి 1993 దాకా నడిచింది. ఆ తరువాతనే తయారైన బీరులోని ఆల్కహాలును బట్టి వేయసాగారు. ఒక్క పాయింటు తేడా వస్తే రొక్కంలో తేడా వచ్చే పరిశ్రమ అది. అందుకే కాబోలు కొలతలమీద అంత శ్రద్ధ. ఉష్ణానికీ పనికీ గల సంబంధం కొలిచిన జూల్ సాల్ఫర్డులో బీరు కాచే ఇంట పుట్టినవాడు. గణాంకశాస్త్రంలో "స్టూడెంట్" పేరుతో 1908లో వ్యాసం ప్రచురించిన గోసెట్ డబ్లిన్‌లోని గిన్నెస్ ఉద్యోగి. మనం రోజూ వాడే పి.హెచ్. అనే కొలతను 1909లో ప్రవేశపెట్టిన సోరెన్‌సెన్ కోపెన్‌హేగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసినవాడు. మన సిలబసులో ముగ్గురు బీరు తొట్ల పక్కనుంచి వచ్చినవాళ్ళే.

ఒక ఉదాహరణ పట్టుకుందాం, చివరిదాకా దాన్నే సాగదీద్దాం. ఇంగ్లండులో ఒక గృహస్థు 5 కిలోల మాల్టు తెచ్చుకున్నాడు. పీపాలోకి 23 లీటర్ల రసం 1.049 గురుత్వంతో వెళ్ళాలని అతని ఉద్దేశం. కాగు అడుగున మడ్డితోపాటు ఒక లీటరు పోతుంది కనుక, మరుగు ముగిసి చల్లారాక కాగులో 24 లీటర్లు ఉండాలి. 24ను 49తో గుణిస్తే 1176. మాల్టు ఇవ్వగలిగిన 1500లో ఇది 78 శాతం. పీపాలోకి వెళ్ళేది 23 × 49 = 1127, అంటే 75 శాతం. చూశారా, ఒకే పనికి రెండు సామర్థ్యాలు! ఒకడు నాకు 78 వచ్చిందంటాడు, ఇంకొకడు నాకు 75 దాటలేదని దిగులుపడతాడు, ఇద్దరూ చేసింది ఒక్కటే అయి ఉండవచ్చు. కాగు దగ్గర కొలిచిందో పీపా దగ్గర కొలిచిందో చెప్పని శాతాన్ని పట్టించుకోనక్కరలేదు.

నీళ్ళెన్ని పోయాలో చివరినుంచి వెనక్కు లెక్కవేసుకోవాలి. చల్లటి రసం 24 లీటర్లు మరిగే వేడి మీద సుమారు 25 అవుతుంది. నీరు 20 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు పోతే 4 శాతం వ్యాకోచిస్తుంది గదా. గంట మరుగులో 4 లీటర్లు ఇగిరిపోతుందనుకుంటే మరుగు మొదట్లో 29 కావాలి. పిప్పి కిలోకు లీటరు చొప్పున 5 లీటర్లు పీల్చుకుంటుంది, జల్లెడ కింద ఒక లీటరు నిలిచిపోతుంది. మొత్తం 35. ఇందులో 15 మాష్‌కు, 20 కడగడానికి. ఈ అంకెల్లో పిప్పి పీల్చేది, జల్లెడ కింద నిలిచేది, గంటకు ఇగిరేది, ఈ మూడూ ఎవరి గిన్నెకు వాళ్ళవి. పుస్తకంలో చూసి ఎత్తిరాసుకుంటే పనికిరావు. ఒకసారి ఉత్త నీళ్ళతో మరిగించి చూసుకోవడమే దారి.

ఇప్పుడు పని పాడయిందనుకోండి. నాలుగు రకాలుగా పాడవుతుంది. చల్లారిన కాగులో 26 లీటర్లు, 1.045 వచ్చింది. హైడ్రోమీటరు ఒక్కటే చూసినవాడు మాల్టు మంచిది కాదని కొట్టువాణ్ణి తిడతాడు. గుణించి చూడండి: 1170. చక్కెర ఎక్కడికీ పోలేదు, నీళ్ళే 2 లీటర్లు మిగిలాయి. ఇంకో అరగంట మరిగిస్తే సరి. దీనికి తలకిందులుగా 21 లీటర్లు, 1.056 వచ్చింది. మళ్ళీ 1176. 3 లీటర్ల కాచి చల్లార్చిన నీళ్ళు పోస్తే 1.049. వీడు అంతకుముందు "నా సామర్థ్యం అమాంతం పెరిగిం"దని సంబరపడి ఉంటాడు, అదీ ఉత్తదే.

మూడోది 21 లీటర్లు, సరిగ్గా 1.049. గురుత్వం కుదిరింది కదా అని తృప్తిపడితే మోసపోయినట్లే. లబ్ధం 1029. తక్కువపడిన 147ను 49తో భాగిస్తే 3 లీటర్లు. అంటే తయారైన రసమే మూడు లీటర్లు ఎక్కడో నిలిచిపోయిందన్నమాట: కాగు అడుగున మడ్డిలోనో, గొట్టంలోనో, హాప్స్ పిప్పిలోనో. రసాయనశాస్త్రాన్ని అనుమానించే ముందు గిన్నెను వంచి చూడాలి. నాలుగోది 24 లీటర్లు, 1.040. లబ్ధం 960, అనగా 64 శాతం. నీళ్ళు సరిగ్గానే ఉన్నాయి, చక్కెరే రాలేదు. నిజమైన జబ్బు ఇదొక్కటే. తక్కిన మూడూ నీళ్ళ బాధలు.

జబ్బుకు మందు వెతికేముందు కొలతలు నిజమా అని చూడాలి. ముందు లీటర్లు. కాగు మీద అచ్చుకొట్టిన గీతలను నమ్మవద్దు. త్రాసుమీద తూచిన నీళ్ళు పోసి మన గీతలు మనం గీసుకోవాలి. లీటరు నీళ్ళు కిలో తూగుతాయి, గది వేడిమి వల్ల వచ్చే తేడా ఇక్కడ లెక్కలోకి రాదు. 40 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న కాగులో ఒక్క సెంటీమీటరు ఎత్తు అంటే 1.25 లీటర్ల పైమాట. గచ్చు కాస్త వాలుగా ఉండి కర్ర ఒక పక్కగా ముంచితే అయిదు శాతం అక్కడే పోయె. వెడల్పు గిన్నెకు ఈ దోషం మరీ ఎక్కువ.

వేడి రసాన్ని కొలిచి చల్లటి గురుత్వంతో గుణించడం ఇంకో పొరపాటు. మన గృహస్థు మరుగు మొదట్లో 29 లీటర్లు చూశాడు. కొంచెం రసం తీసి చల్లార్చి కొలిస్తే 42.3 పాయింట్లు. గుణిస్తే 1227. మరుగు అయ్యాక 1176. 51 లీటరు-పాయింట్లు ఆవిరిలో పోయాయా? చక్కెర ఆవిరి కాదు. 29 వేడి లీటర్లంటే చల్లటివి 27.8 మాత్రమే, దాన్ని 42.3తో గుణిస్తే మళ్ళీ 1176. లేని చక్కెరను పుట్టించి, తరువాత అది పోయిందని ఏడ్చినట్లయింది.

హైడ్రోమీటరు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది బీరుకే కాదు, మన ఇళ్ళకు కూడా తగిలే విషయం. హైడ్రోమీటరు మీద ఏ ఉష్ణోగ్రతకు అది సరిపోతుందో రాసి ఉంటుంది, ఇప్పటివాటికి సాధారణంగా 20 డిగ్రీలు. 1.049 ఉన్న రసాన్నే 40 డిగ్రీల వేడి మీద చూస్తే 1.043 దరిదాపు చూపుతుంది. 60 డిగ్రీల దగ్గర పదిహేను పాయింట్లు దిగిపోతుంది. అంత వేడి మీద చూసి పట్టికతో సరిచేసుకోవడం కన్న, స్టీలు గ్లాసులో రసం తీసి, ఆవిరి పోకుండా మూతపెట్టి, చన్నీళ్ళలో ఉంచి చల్లార్చి చూడడం మేలు. ఎండాకాలం విశాఖపట్నంలో కుళాయి నీళ్ళలో హైడ్రోమీటరు వేసి 1.000 చూపలేదే అని పనిముట్టును పారేయవద్దు. 30 డిగ్రీల నీళ్ళలో అది రెండు మూడు పాయింట్లు తక్కువే చూపాలి.

మా ఊళ్ళో పాలు పోయించుకునే ఒక కేంద్రంలో కొన్నాళ్ళు ఇదే జరిగింది. మా అమ్మ పొద్దున్నే గేదె పాలు పితికి, ఇల్లు దగ్గరే కనుక, నురగ ఆరకముందే తీసుకుపోయేది. పాలు ఇంకా గోరువెచ్చగా ఉండేవి. లాక్టోమీటరు రెండు మూడు అంకెలు తక్కువ చూపేది. అక్కడి కుర్రవాడు "నీళ్ళు కలిశాయమ్మా" అని నలుగురిలో అనేవాడు, ధర కోసేవాడు. దూరపు వీధినుంచి నెమ్మదిగా నడిచి వచ్చినవాళ్ళ పాలు చల్లారిపోయి మంచి అంకె చూపేవి. మా అమ్మకు విశిష్ట గురుత్వం తెలియదు, కాని తాను నీళ్ళు కలపలేదని తెలుసు. నీళ్ళు కలిసినా అంకె దిగుతుంది, పాలు వెచ్చగా ఉన్నా దిగుతుంది. ఒక్క అంకె చూసి రెండింటిలో ఏదో చెప్పలేము. ఉష్ణమాపకం కూడా ముంచి సవరణ చేస్తేనే ఆ అంకెకు అర్థం. వెన్న శాతం, సవరించిన లాక్టోమీటరు అంకె రెండూ కలిపి లెక్కకట్టే కేంద్రాల్లో ఈ అన్యాయం ఉండదు. ఆ కేంద్రంలో ఉష్ణమాపకం గోడకు వేలాడుతూనే ఉండేది, పాలల్లో మునిగేది కాదు.

తిరిగి కాగు దగ్గరకు వద్దాం. రసం ఎక్కడినుంచి తీశామన్నది కూడా ముఖ్యమే. మొదట వడకట్టిన రసం చిక్కన, కడిగిన రసం పల్చన. కాగులో పోశాక చిక్కటిది అడుగుకు పోతుంది, పల్చటిది పైన తేలుతుంది. కలియబెట్టకుండా పైనుంచి గరిటెడు తీస్తే తక్కువ, అడుగు కుళాయి నుంచి పడితే ఎక్కువ. చివర్లో పైనుంచి నీళ్ళు పోసి సరిచేసేటప్పుడు కూడా ఇంతే. హైడ్రోమీటరుకు బుడగలు అంటుకుంటే అది పైకి తేలి లేని చక్కెరను చూపుతుంది, వేలితో ఒకసారి గిర్రున తిప్పి వదలాలి. కొందరు రిఫ్రాక్టోమీటరు వాడతారు. చెరకు తోటల్లో బ్రిక్స్ చూసేది అదే: రెండు చుక్కలు చాలు, బ్రిక్స్ ఒక డిగ్రీ అంటే సుమారు 4 పాయింట్లు. అయితే పులియడం మొదలయ్యాక అందులో నేరుగా చూడకూడదు. ఆల్కహాలు కాంతిని తన లెక్కన వంచుతుంది, అంకె ఉన్నదానికన్న ఎక్కువ చూపుతుంది.

కొలతలన్నీ సరిగానే ఉన్నాయి, అయినా 960యే వచ్చింది. అప్పుడు ప్రశ్న రెండుగా చీలుతుంది. పిండి అసలు చక్కెరగా మారలేదా? లేక చక్కెర తయారై పిప్పిలోనే ఉండిపోయిందా? మా వైపు చెప్పుకోవాలంటే, చెరకులోనే తీపి లేదా, గానుగ పిండలేదా? ఈ రెండింటినీ విడదీయడానికి చక్కటి పరీక్ష ఒకటుంది, నాకు ఈ విషయమంతటిలో బాగా నచ్చిందీ అదే. కడుగు నీళ్ళు పోయకముందు, మాష్ ముగిసిన వెంటనే, మొదటి రసం గురుత్వం చూడాలి. అది ఎంత ఉండాలో ముందే లెక్కకట్టవచ్చు.

5 కిలోల మాల్టులో 78 శాతం, అనగా 3.9 కిలోలు, 15 లీటర్ల నీళ్ళలోకి దిగాలి. 1500ను 15తో భాగిస్తే 100 పాయింట్లు అనుకోవద్దు, కరిగినది తానూ చోటు ఆక్రమిస్తుంది. బరువుల్లో చూడండి: 18.9 కిలోల ద్రావణంలో 3.9 కిలోలు, అంటే 20.6 శాతం. మాల్టులోని కాస్త తేమను కూడా కలుపుకుంటే అటువంటి ద్రావణం గురుత్వం 1.085 దరిదాపు. ఇక తీర్పు సులువు. మొదటి రసం 1.085 ఉంటే పిండి అంతా మారినట్లే, తప్పు కడగడంలో ఉంది. 1.070 మాత్రమే ఉంటే దాదాపు అయిదో వంతు పిండి గింజలోనే ఉండిపోయింది, తరువాత ఎంత కడిగినా రాదు. లేనిదాన్ని నీళ్ళేం తెస్తాయి?

పిండి మారకపోవడానికి మొదటి ముద్దాయి మర. పిప్పిలో చెయ్యి పెట్టి నాలుగు గింజలు నలిపి చూస్తే, చిదమని గింజలు గట్టిగా వేళ్ళకు తగులుతాయి. మర రోళ్ళ మధ్య సందు కొంచెం తగ్గించాలి. మరీ తగ్గిస్తే పొట్టు పిండయిపోయి జల్లెడ మీద బురదలా పరచుకుంటుంది, రసం దిగదు. గింజ నూకగా పగలాలి, పొట్టు మాత్రం విడిపోయి నిలవాలి. మన రైసుమిల్లువాడు కోరేదానికి ఇది సరిగ్గా తిరగేసి, అతనికి నూక కాకూడదు, పొట్టు పోవాలి. రెండోది ఉండలు. చోడి పిండి మరిగే నీళ్ళలో గభాలున పోస్తే ఏమవుతుందో అంబలి కాచే ఇంటివాళ్ళకు చెప్పనక్కరలేదు. ఇక్కడా అంతే, ఉండ లోపల పొడి పొడిగానే ఉంటుంది. మూడోది వేడి. తొట్టిలో ఒక మూల 68, ఇంకో మూల 58 ఉండవచ్చు, ఉష్ణమాపకమే రెండు డిగ్రీలు తప్పు చూపవచ్చు. నాలుగోది నీటి స్వభావం. కార్బొనేట్లు ఎక్కువున్న నీళ్ళలో లేత మాల్టు మాష్ పి.హెచ్. పెరిగిపోయి ఎంజైముల పని మందగిస్తుంది, 5.2 నుంచి 5.6 మధ్య ఉంటే వాటికి హాయి. పిండి మిగిలిందో లేదో చూడడానికి మన ప్రయోగశాల అయొడినే చాలు: పింగాణీ పళ్ళెంలో రెండు చుక్కల రసం, ఒక చుక్క అయొడిన్. నల్లనీలం వస్తే ఇంకా ఆగాలి. పొట్టు ముక్క పడకుండా చూడాలి, పొట్టుకు అంటిన పిండి ఎప్పుడూ నీలంగానే మారి మనల్ని భయపెడుతుంది.

ఇక్కడ ఒక అపోహ. మాష్ 62 దగ్గర చేస్తే గురుత్వం ఒకటి, 69 దగ్గర చేస్తే ఇంకొకటి వస్తుందని చాలామంది అనుకుంటారు. తక్కువ వేడిలో ఈస్టు తినగలిగే మాల్టోజు ఎక్కువ, హెచ్చు వేడిలో ఈస్టు ముట్టని డెక్‌స్ట్రిన్లు ఎక్కువ. కాని హైడ్రోమీటరుకు రెండూ కరిగిన పదార్థాలే. పిండి పూర్తిగా మారినంతవరకు మొదటి గురుత్వం ఇంచుమించు ఒకటే, తేడా పులిసిన తరువాతి గురుత్వంలో కనిపిస్తుంది.

కడగడంలో తప్పంటే చాలామటుకు నీళ్ళు దారి చేసుకోవడమే. చదును లేని మడిలో నీళ్ళు పెడితే పల్లం వెంట పారిపోయి మెరక ఎండినట్లే ఉంటుందని రైతు బిడ్డలకు తెలుసు. పిప్పి పరుపులోనూ అంతే: ఒక పక్క పగులు పడితే కడుగు నీళ్ళన్నీ అందులోంచే జారిపోతాయి, తక్కిన పిప్పి తీపి తీపిగానే మిగులుతుంది. గుర్తేమిటంటే, కుళాయి నుంచి వచ్చే రసం ఒక్కసారిగా పల్చబడిపోతుంది, కాని పిప్పి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంటుంది. నెమ్మదిగా వడకట్టడం, లేదా నీళ్ళు రెండు విడతలుగా పోసి బాగా కలియబెట్టి వడకట్టడం దీనికి మందు. అలాగని చివరి చుక్కదాకా పిండాలనే దురాశ పనికిరాదు. దిగే రసం 1.010 కంటె పల్చబడ్డాక పొట్టులోని వగరు పదార్థాలు దిగడం మొదలవుతుంది. వెనకటి బ్రిటిషువాళ్ళు తెలివిగా మొదటి రసంతో గట్టి బీరు, తరువాతి రసంతో ఇంట్లో అందరూ తాగే పల్చటి బీరు వేరువేరుగా కాచేవారు.

ఇగురు గురించి ఒక్కమాట. ఇగురు గిన్నె మూతి వెడల్పును బట్టి, మంటను బట్టి ఉంటుందిగాని లోపలున్న లీటర్లను బట్టి కాదు. గంటకు ఇంత శాతం అని రాసుకొన్నవాడు అదే కాగులో సగం రసం కాచిన రోజున దెబ్బతింటాడు: 4 లీటర్లు 4 లీటర్లే ఇగురుతుంది. బెల్లం పెనం అంత వెడల్పుగా, లోతు తక్కువగా ఎందుకుంటుందో, బీరు కాగు నిలువుగా ఎందుకుంటుందో ఇప్పుడు తేలుతుంది. మాకు నీళ్ళన్నీ పోవాలి, వాళ్ళకు కొన్నే పోవాలి.

మన గృహస్థు మరుగు మొదట్లోనే కొలిచి, 27.8 చల్లటి లీటర్లకు 42.3 బదులు 34.5 పాయింట్లే ఉన్నట్లు చూశాడనుకోండి. లబ్ధం 960, తక్కువపడినవి 216. ఎండు మాల్టు పాకం పొడి కిలోకు సుమారు 365 లీటరు-పాయింట్లు ఇస్తుంది కనుక 590 గ్రాములు కలిపితే అనుకున్న 24 లీటర్లు, 1.049 వస్తాయి. పొడి లేకపోతే ఎక్కువసేపు మరిగించాలి. 960ని 49తో భాగిస్తే 19.6 లీటర్లు మాత్రమే దక్కుతాయి, గంటకు పైగా అదనపు వంటచెరకు ఖర్చు. ఏమీ చేయకుండా 1.040తోనే వదిలినా అది చెడిపోయిన బీరు కాదు, ఇంగ్లండులో సాధారణ బిట్టర్ రకాలు ఎన్నో ఆ గురుత్వం దగ్గరివే. మూడింటిలో ఏది ఎంచుకున్నా హాప్స్ లెక్క తిరిగి చూసుకోవాలి. 24 లీటర్లకు తూచిన చేదు 19.6 లీటర్లలో పడితే ఘాటెక్కుతుంది, అయిదో వంతు దాకా తగ్గించాలి. 1.040తో వదిలినా తీపి తగ్గినందువల్ల అదే చేదు ఎక్కువగా తోస్తుంది. చేదుకు వేసే హాప్స్ మరుగు మొదట్లోనే పడతాయి, పడ్డాక తీసేది లేదు. కాబట్టి కలియబెట్టి, గ్లాసులో తీసి, చల్లార్చి చూడడమంతా ఆ పొట్లం విప్పకముందే అయిపోవాలి.